బాపు సినిమాలు ఒక్క అరలోకి ఎందుకు చేరలేదు

గోదావరి డెల్టా ఇళ్లలో బాపును దాచుకోవడం కొత్త అలవాటేమీ కాదు. శుభలేఖ మీది సీతారాములు, పాత వారపత్రిక ముఖచిత్రం, కార్టూన్ల పుస్తకం, ఆయన చేతిరాతను పోలిన అక్షరాలతో అచ్చయిన ఆహ్వానపత్రిక, ఇలా ఏదో ఒక రూపంలో బాపు ఇంట్లో ఉంటారు. 1933లో నరసాపురంలో సత్తిరాజు లక్ష్మీనారాయణగా పుట్టిన బాపు, 1931లో ధవళేశ్వరంలో పుట్టిన ఆయన జతగాడు, రచయిత ముళ్లపూడి వెంకటరమణ బతుకులో ఎక్కువ భాగం మద్రాసులో గడిపారు. అయినా ఈ నేల వాళ్లను ఎన్నడూ పొరుగూరివాళ్లుగా చూడలేదు. రమణ రచనలు విశాలాంధ్ర వారి ‘సాహితీ సర్వస్వం’ సంపుటాలుగా ఒక వరసలో వచ్చి, చాలా ఇళ్లలో అదే వరసలో నిలబడ్డాయి. బాపు తీసిన సినిమాలు యాభై దాకా ఉన్నాయి. అవి మాత్రం తీసిన క్రమంలో, అదే మర్యాదతో, పూర్తి సెట్టుగా అమ్మకానికి రాలేదు. క్యాసెట్టు కాలంలో రాలేదు, వీసీడీ కాలంలో రాలేదు, డీవీడీ కాలంలోనూ రాలేదు. దీనికి మనం చెప్పుకునే కారణం ఒకటుంది: తెలుగువాడికి హీరో ఉంటే చాలు, దర్శకుడితో పనిలేదని. ఆ కారణం తప్పని నేనంటాను. దాచుకునే మనిషి మొదటినుంచీ సిద్ధంగానే ఉన్నాడు. దాచుకోదగ్గ వస్తువును తయారుచేసే హక్కు ఎవరి చేతిలో ఉందో చూస్తే తప్ప ఈ చరిత్ర అర్థం కాదు.

పోలికకు ఫ్రాన్సును తీసుకోవాలి. దర్శకుణ్ణి పుస్తకం రాసినవాడితో సమానంగా నిలబెట్టాలన్న పట్టుదల అక్కడ ఒక ఉద్యమమే అయింది. 1954 జనవరిలో ఫ్రాన్సువా త్రూఫో ‘కయే ద్యు సినెమా’ పత్రికలో రాసిన వ్యాసం దానికి తొలి మెట్టుగా పేరుపడింది. (ఆ ఏడాది చివర్లోనే మన యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. డెల్టాకు ఫ్రాన్సు మరీ అంత దూరపు దేశం కాదు.) త్రూఫో బాపు కంటే దాదాపు రెండేళ్లు పెద్ద. సినిమాల మీద పత్రికల్లో రాసి రాసి, తరవాత కెమెరా వెనక్కి వెళ్లాడు. మనవాళ్లు వచ్చిన దారీ అదే. రమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాశారు, బాపు బొమ్మలు వేశారు. రమణ ముందుగా ‘రక్తసంబంధం’ వంటి సినిమాలకు మాటలు రాసి చేయి తిప్పుకున్నారు. 1967లో ఇద్దరూ కలిసి ‘సాక్షి’ తీశారు. త్రూఫో 1959లో తన తొలి పెద్ద సినిమా ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ను పారిస్ వీధుల్లో తీస్తే, వీళ్లు స్టూడియో సెట్లు వదిలి ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో, అప్పటికి ఇంకా కొత్తవాడైన కృష్ణతో, తక్కువ డబ్బుతో తీశారు. ఒకరిని చూసి ఒకరు చేశారని నేననడం లేదు. పత్రికలో పుట్టి, సినిమా చూడటంలో పండి, సినిమా తీయడానికి వెళ్లిన మనుషులు సొంత సంతకం ఉన్న పనిచేస్తారు. ఆ సంతకం ఒక్క సినిమాలో పూర్తిగా తెలియదు, వరసగా చూస్తేనే తెలుస్తుంది.

వరసలో చూడటం ఎందుకు ముఖ్యమో బాపు విషయంలో చెప్పడం తేలిక. 1971లో ‘సంపూర్ణ రామాయణం’. 1975లో ఉత్తర రామాయణాన్ని ఒక పల్లెటూరి సంసారంలోకి దించిన ‘ముత్యాలముగ్గు’. మరుసటేడు ‘సీతాకల్యాణం’. 1978లో సీత ఓర్పును మరో ఇంటికి తెచ్చిన ‘గోరంత దీపం’. చివరికి 2011లో ‘శ్రీరామరాజ్యం’. నలభై ఏళ్లపాటు ఒక మనిషి ఒకే కథ చుట్టూ తిరుగుతూ, ఒకసారి దేవుడి కథగా, మరోసారి పక్కింటి కథగా చెబుతూ వచ్చాడు. విడివిడిగా చూసినవాడికి ‘ముత్యాలముగ్గు’ మంచి మాటలున్న కుటుంబ కథ, ‘సీతాకల్యాణం’ కన్నుల పండుగైన పౌరాణికం, అంతే. పక్కపక్కన పెట్టి చూసినవాడికి అవి ఒకే ఆలోచనకు రెండు ముఖాలని తెలుస్తుంది. త్రూఫో కూడా ఆంత్వాన్ ద్వానెల్ అనే కుర్రాడి కథను 1959 నుంచి 1979 దాకా అదే నటుడితో ఐదుసార్లు చెప్పాడు. ఆ ఐదింటినీ క్రైటీరియన్ సంస్థ 2003లో ఒకే పెట్టెలో పెట్టి అమ్మింది. ఇరవై ఏళ్లలో ఆ నటుడి మొహం ఎలా మారిందో, చెప్పే దర్శకుడి చూపు ఎలా మారిందో ఆ పెట్టె కొన్నవాడు నాలుగు సాయంత్రాల్లో చూడగలడు. బాపు రాముణ్ణి అలా చూసే వీలు మనకు ఏ కంపెనీ కల్పించలేదు.

ఈ సినిమాలు డెల్టాకు ఇంకో రకంగానూ ఆస్తి. ‘సాక్షి’లో కథానాయకుడు రేవులో బల్లకట్టు నడిపేవాడు. ‘అందాల రాముడు’ 1973లో వచ్చింది, కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే లాంచీ మీదే జరుగుతుంది. అప్పటికి రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు కం రైలు వంతెన తెరుచుకోలేదు, అది 1974లో వచ్చింది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002 దాకా లేదు. రేవు, పంటు, లాంచీ లేకుండా కోనసీమలో పెళ్లిచూపులకైనా వెళ్లలేని కాలమది. పాపికొండల మధ్య గోదావరి ఒడ్డున అప్పుడు కనిపించిన ఊళ్లు కొన్ని పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వస్తున్నాయి. రేపు ఎవరైనా ఈ నదీ ప్రయాణాల చరిత్ర రాయాలంటే గెజిటీర్లు ఎంత అవసరమో ఆ రెండు సినిమాల మంచి ప్రతులూ అంతే అవసరం. దర్శకుడి పనిని పోగుచేయడం అభిమానుల ముచ్చటగా మిగిలిపోకూడదని నేననేది అందుకే.

ఇక జనం దాచుకోలేదన్న మాట చూద్దాం. వీడియో రాకముందు సినిమాను ఇంటికి తెచ్చుకునే దారులు నాలుగు ఉండేవి, డెల్టా నాలుగింటినీ వాడుకుంది. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం మొదటిది. కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, పాటలు అన్నీ ఉండి, అణాకో పావలాకో దొరికే ఆ పల్చటి పుస్తకాలను కుట్టించి బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. రెండోది వెండితెర నవల. సినిమా కథను బొమ్మలతో సహా నవలగా చదివించే ఈ ప్రక్రియలో రమణది పెద్ద చేయి. మూడోది గ్రామఫోను ప్లేటు. ‘ముత్యాలముగ్గు’ నాటికి పాటలే కాకుండా, తూర్పుగోదావరి నుంచి వెళ్లిన రావు గోపాలరావు నోటి మాటలు కూడా రికార్డు మీద మోగేవి. నాలుగోది రేడియో. సంక్షిప్త శబ్దచిత్రం అనే పేరుతో ఒక సినిమా మొత్తాన్ని గంటకు కుదించి వినిపిస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవారు. ఇవన్నీ బొమ్మ లేని సినిమాలు. కంటితో చూడలేనిదాన్ని చెవితో, అక్షరంతో పట్టి ఉంచుకున్న జనం, బొమ్మతో సహా వస్తే వద్దంటారా? నూరేళ్లకు పైగా గౌతమీ గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్న ఊరు రాజమండ్రి. పోగుచేసే బుద్ధి ఇక్కడ లేదనడం చరిత్రకు అన్యాయం.

1982 ఆసియా క్రీడల తరవాత రంగుల టీవీ, వీసీఆర్ ఊళ్లలోకి వచ్చాయి. మొదట్లో వీసీఆర్ కొనుక్కున్నవాళ్లు తక్కువ, అద్దెకు తెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. టీవీ, వీసీఆర్, మూడో నాలుగో క్యాసెట్లు ఒక రాత్రికి తెచ్చి, అరుగు మీద పెట్టి, వీధంతా తెల్లవార్లూ చూసేవారు. ఆ వ్యాపారంలో క్యాసెట్టు కొనే వస్తువు కాదు, తిరిగి ఇచ్చేసే వస్తువు. అద్దె షాపువాడు అట్ట మీద హీరో పేరు చూసి సర్దుతాడు. రాత్రికి ఏం కావాలో అడిగేవాడికి త్వరగా చూపించాలి కదా. తొంభైల చివర్లో వీసీడీ వచ్చాకే సినిమా కొనుక్కుని ఉంచుకునే వస్తువు అయింది. వోల్గా, షాలిమార్ వంటి సంస్థల డిస్కులు బస్టాండు కొట్ల దాకా వచ్చాయి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ రంగంలోకి దిగి వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మినప్పుడు, హాలు టికెట్టు ధరకే సినిమా సొంతమైంది. బాపు సినిమాలు జనానికి ఎక్కువగా దొరికింది ఆ రోజుల్లోనే. కాని ఎలా దొరికాయి? ‘సాక్షి’ కృష్ణ సినిమాల మధ్య, ‘అందాల రాముడు’ నాగేశ్వరరావు సినిమాల మధ్య, ‘భక్త కన్నప్ప’ కృష్ణంరాజు సినిమాల మధ్య. పోగుచేయాలనుకున్నవాడు బాపు కోసం నలుగురు హీరోల అరలు వెతకాలి. దర్శకుడు పసలపూడి వంశీ సినిమాలకోసం వెతికినవాళ్లదీ అదే పాటు.

అట్ట మీది పేరు వ్యాపారి ఇష్టం అనుకుంటాం. దాని వెనక చట్టం ఉంది. 1957లో ఫ్రాన్సు, భారత్ రెండూ కాపీరైటు చట్టాలు చేసుకున్నాయి. ఆ ఏడాది మార్చి 11 నాటి ఫ్రెంచి చట్టం సినిమాకు సహకర్తలుగా గుర్తించినవాళ్లలో కథా రచయిత, సంభాషణల రచయిత, సంగీతకర్తతో పాటు దర్శకుడూ ఉన్నాడు. సినిమా పూర్తయిందని చెప్పడానికి నిర్మాత ఒక్కడి మాట చాలదు, దర్శకుడి ఒప్పుదల కావాలి. 1985లో ఇంకో అడుగు వేసి, అలా ఖాయమైన మాతృకను నాశనం చేయకూడదన్నారు. భారత చట్టం అదే 1957లో, సినిమా పూర్తయ్యేనాటికి దాని యజమాని ఎవరో అతడే కర్త అంది. 1994 సవరణ ఆ చోట నిర్మాత అనే మాట పెట్టింది. ప్రధాన దర్శకుణ్ణి కూడా కర్తగా చేర్చాలని 2010 నాటి బిల్లులో ప్రతిపాదించారు గాని, 2012లో చట్టం వచ్చేసరికి ఆ ప్రతిపాదన పోయింది. అంటే చట్టం దృష్టిలో బాపు ఒక్క సినిమాకూ కర్త కాదు. ‘ముత్యాలముగ్గు’ నూజివీడు అధ్యాపకుడు ఎం.వి.ఎల్. నరసింహారావుది. ‘భక్త కన్నప్ప’ గోపీకృష్ణా మూవీస్‌ది. హిందీ ‘హమ్ పాంచ్’ బొంబాయిలో కపూర్లది. ‘శ్రీరామరాజ్యం’ యలమంచిలి సాయిబాబుది. మామూలుగా నిర్మాత నెగటివ్ హక్కులు ఒకరికి, వీడియో హక్కులు ఇంకొకరికి, ఉపగ్రహ ప్రసార హక్కులు మరొకరికి అమ్ముకునేవాడు. తెలుగు సినిమా వ్యాపారం మొదటినుంచీ ముక్కల వ్యాపారం. నైజాం, సీడెడ్, ఈస్ట్, వెస్ట్ అని నేలను పంచుకున్నట్టే హక్కులనూ పంచుకుంది. త్రూఫో 1957లోనే సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నాడు, తన సినిమాల్లో ఎక్కువ భాగం దాని కింద తీశాడు. ఆయన పోయాక ఆ సంస్థ సినిమాలన్నీ ఒక చేతి నుంచి ఒక చేతికి వెళ్లాయి. పెట్టె తయారవడానికి అభిమానం ఎంత కావాలో ఆ ఒక్క చేయి అంత కావాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. గిరాకీ నిజంగా ఉంటే ఏ కంపెనీ అయినా ఆ హక్కులన్నీ కొని సెట్టు చేయదా? మోజర్ బేర్ అంత పెద్ద సంస్థ వందల సినిమాల హక్కులు ఒక్కసారి కొన్నదే కదా? కొన్నది, నిజమే. అది 28 రూపాయలకు అమ్మే లెక్క మీద కొన్నది. ఆ ధరకు అమ్మాలంటే ఒక్కో సినిమా లక్షల్లో పోవాలి, ఖర్చు పైసల్లో ఉండాలి. దర్శకుడి సెట్టుకు కావలసింది అందుకు పూర్తిగా వేరు. అసలు నెగటివ్ ఏ ల్యాబులో ఉందో వెతకాలి, చెడిన చోట మరో ప్రింటు నుంచి అతకాలి, రంగులు దిద్దాలి. డెబ్బైల నాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ ముందుగా పోయి బొమ్మంతా గులాబి ఎరుపుకు తిరుగుతుంది. ‘ముత్యాలముగ్గు’కు ఉత్తమ ఛాయాగ్రహణానికి జాతీయ బహుమతి తెచ్చిన ఇషాన్ ఆర్య రంగులు, అలా తిరిగిన ప్రింటు నుంచి తీసిన డిస్కులో ఎలా కనిపిస్తాయో చెప్పనక్కర్లేదు. వీసీడీలో బొమ్మ అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. డీవీడీలో 720, 576. షాట్లన్నీ ముందే కాగితం మీద బొమ్మలుగా గీసుకుని తీసిన చిత్రకారుడి పని ఆ 352 చుక్కల్లో ఇమడదు. కొన్నవాడికి నాసి వస్తువు అందింది కాబట్టి మళ్లీ కొనలేదు. మళ్లీ కొనలేదు కాబట్టి గిరాకీ లేదని తేల్చారు. ఆ తీర్పు కొనేవాడి మీద వేయడం సరి కాదు.

వాతావరణం కూడా ఈ కథలో ఉంది. డెల్టా గాలిలో తడి ఎక్కువ, టేపుకు బూజు పట్టడం ఇక్కడ మామూలు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను ఇళ్లనే ముంచినప్పుడు క్యాసెట్ల సంగతి అడిగేవారెవరు? మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932 నాటిది, ఇప్పుడు చూడటానికి లేదు. నలుపు తెలుపు ప్రింట్లను ఆడినన్నాళ్లు ఆడించి, అందులోని వెండి కోసం కరిగించేయడం ఈ దేశమంతా నడిచిన వాడుక. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పారు, ఆంధ్ర నేల మీద సినిమా స్టూడియోకు అదే తొలి ప్రయత్నం. ఆ ఏడాదే పారిస్‌లో ఆంరీ లాంగ్లోయి మిత్రులతో కలిసి సినిమాథెక్ ఫ్రాన్సేజ్ పెట్టి, జనం పారేసే ప్రింట్లను ఏరడం మొదలుపెట్టాడు. త్రూఫో తరం సినిమా నేర్చుకున్నది అక్కడే. మనం తీయడం అదే వేళకు మొదలుపెట్టాం, ఉంచుకోవడం మాత్రం అప్పట్లో ఎవరి పనీ కాలేదు. 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతినీ జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలి. సినిమాకు అలాంటి చట్టం లేదు. రమణ పుస్తకాన్ని దేశం భద్రపరిచింది, రమణ రాసిన సినిమా ప్రతిని భద్రపరచడానికి పంపమని ఏ నిర్మాతకూ చెప్పలేదు.

బాపు ఒక్కరినే కర్తగా చూడటం న్యాయమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. రమణ లేని బాపు సినిమా సగమే అని బాపు పని తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. ఫ్రెంచి చట్టాన్నే చూడండి, అందులో దర్శకుడి పక్కన కథ రాసినవాడు, మాటలు రాసినవాడు ఉన్నారు. కాబట్టి సెట్టుకు బాపు–రమణ అని రెండు పేర్లు పెట్టడమే సరి. ఇద్దరి పేర్లూ ఉన్న ఆ సెట్టు కూడా రాలేదు కదా, నా వాదనకు అది బలమే తప్ప లోటు కాదు. హీరోల సంగతీ అంతే. నాగేశ్వరరావు లేని ‘అందాల రాముడు’ ఎవరూ ఊహించలేరు. అలాగని ఆయన వందల సినిమాల వరసలో అది ఒకటి అనుకుంటే గోదావరి మీద ఆ లాంచీ ఎందుకు ఎక్కారో తెలియదు.

ఇప్పుడు అన్నీ యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి, ఇంకా డిస్కుల గొడవ ఎందుకు అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికంటే బలమైనదీ అదే. అమెరికాలో ఉన్న భీమవరం కుర్రాడు అర్ధరాత్రి ‘మంత్రిగారి వియ్యంకుడు’ చూడగలుగుతున్నాడంటే ఆ పుణ్యం దానిదే, దాన్ని కాదనను. కాని ఒక చిక్కుంది. డెబ్బైల మొదటి దాకా మన సినిమాలు ఎక్కువ భాగం నాలుగుకు మూడు పాళ్ల చట్రంలో తీసినవి. పాత టీవీ తెరా అదే పాళ్లలో ఉండేది. అందువల్ల ఆ నాసి వీసీడీలో బొమ్మ మసకగా ఉన్నా నిండుగా ఉండేది. ఇప్పటి వెడల్పు తెరకు సరిపోవాలని కొందరు పైనా కిందా కోసి ఎక్కిస్తున్నారు, ఇంకొందరు అడ్డంగా సాగదీస్తున్నారు. నుదుటి బొట్టు దగ్గర, జడ కొస దగ్గర లెక్కగా చట్రం గీసిన బాపు బొమ్మలో ఆ నుదురే పోతే మిగిలేదేమిటి? స్పష్టత పెరిగింది, బొమ్మ తగ్గింది. హక్కుల తగాదా వస్తే ఆ కాస్తా రాత్రికి రాత్రి మాయమవుతుంది. ఎవరో దాచిన పాత డిస్కు అప్పుడు సాక్ష్యానికి పనికొస్తుంది: సినిమా నిడివి ఇంత, ఏ దృశ్యం తరవాత ఏది, చట్రం ఎక్కడిదాకా అని. అందుకే అట్టలు చిరిగిన వీసీడీలైనా పాత సామాన్లవాడికి వేయకుండా ఉంచినవాళ్లు చరిత్రకు మేలు చేశారు.

చట్టం ఒక తలుపు మూసింది, కొంతకాలానికి అదే తెరుస్తుంది. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన మరుసటేడు మొదలుకొని 60 ఏళ్లు. ‘సాక్షి’ 1967 నాటిది కనుక దాని గడువు 2027 డిసెంబరు 31తో తీరుతుంది. కథకు, మాటలకు, పాటలకు, సంగీతానికి హక్కుల లెక్క వేరు. రమణ 2011లో పోయారు, ఆయన రచన మీద హక్కు 2071 చివరిదాకా ఆయన వారసులదో, ఆ హక్కు పొందినవారిదో. ఆ అనుమతులు తెచ్చుకోగలిగితే 2028లో ఒక గ్రంథాలయమో కళాశాలో ‘సాక్షి’ని నిర్మాణ సంస్థల గుమ్మాలెక్కకుండా తన సొంత ప్రతిగా తయారుచేసుకోవచ్చు. ‘అందాల రాముడు’ వంతు 2034లో, ‘ముత్యాలముగ్గు’ వంతు 2036లో. దేన్నుంచి తయారుచేస్తారన్నది అప్పటి ప్రశ్న అవుతుంది. నెగటివ్ ఎక్కడుంది, రంగు పోని ప్రింటు ఎవరి గోదాములో ఉంది, పూర్తి నిడివి ఏ క్యాసెట్టులో మిగిలింది అన్న పట్టీని ఇప్పుడే, చూసినవాళ్లూ అమ్మినవాళ్లూ ఆడించినవాళ్లూ బతికుండగానే, ఊరూరా తిరిగి రాసుకోవాలి. ఆ పని నరసాపురంలో మొదలైనా సరే, ధవళేశ్వరంలో మొదలైనా సరే.